పరదైసు గోడలో సందు

ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఆడపిల్ల చేతికి పలక రావడానికి ముందే చంటిపిల్ల వచ్చేది. నా చేతికి వరసగా తమ్ముళ్ళొచ్చారు. చివరివాడు చంక దిగేసరికి నేను మిరపకోతలకు పోతున్నాను, ఆ తర్వాత వంటపనికి కుదిరాను, ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, వాళ్ళ పెళ్ళిళ్ళు. అక్షరాలకు నా దాకా వచ్చే తీరిక దొరకలేదు. చివరికి మా ఇంటికి అంగన్‌వాడీ టీచరు కోడలుగా వచ్చింది. మనవరాలిని అక్కడ దింపడానికి పోయి, ఇంటికి రాబుద్ధి కాక నేనూ ఆ చాప మీదే ఒక మూల కూర్చోవడం మొదలుపెట్టాను. (పిల్లలకిచ్చే కోడిగుడ్డు మాత్రం నాకు పెట్టేది కాదు. "నీ పేరు రిజిస్టర్‌లో లేదు కదత్తమ్మా" అనేది మా కోడలు.) అలా ఈ వయసులో నాకు రాయడం వచ్చింది. వచ్చాక ముందు దేని గురించి రాయాలా అని ఆలోచిస్తే, కష్టసుఖాలేవీ గుర్తుకు రాలేదు. ఒక మాట గుర్తొచ్చింది. అక్షరం ముక్క రాని రోజుల్లో నోట్లో పడి, ఇప్పటికీ కరగని కలకండ ముక్కలాంటి మాట. పరదైసు.

మాది గురజాలకు దగ్గర్లో ఒక పల్లె. మా పేటను ఆనుకుని కాన్వెంటు ఉండేది. అందులో దూరదేశాల నుంచి వచ్చిన సిస్టర్లు చిన్న ఆసుపత్రి, బడి నడిపేవాళ్ళు. నేను వాళ్ళ వంటింట్లో పనికి చేరేనాటికి నాకు పద్దెనిమిదో పంతొమ్మిదో. అందరికీ పెద్దావిడ ఇటలీ మనిషి. మేము పెద్దమదర్ అనేవాళ్ళం. మనిషి భారీ, మనసు మెత్తన, తెలుగు మాత్రం పుస్తకాల్లోంచి నేర్చుకున్నది. తోటలో గేదె పడితే చేతిలో గొడుగుతో ఎదురుగా నిలబడి, "ఓ గేదెగారూ, దయచేసి బయటకు వెళ్ళుడి" అనేవారు. గేదె క్యాబేజీ నములుతూ ఆమె వంక మర్యాదగా చూసేది, కదిలేది కాదు. ఆమె తర్వాతి ఆవిడ జర్మనీ మనిషి, సన్నగా పొడుగ్గా, ముక్కు మీద ఎప్పుడూ జారే కళ్ళజోడుతో ఉండేది. మాకు ఆమె కళ్ళజోడు సిస్టరమ్మ. ఆమెకు తిండి అక్కర్లేదు, ఒక మాట ఎక్కణ్ణించి పుట్టిందో అడిగితే చాలు, కంచంలో చెయ్యి ఎండిపోయేదాకా చెప్పేది. అడిగేవాళ్ళు లేక ఆమె, చెప్పేవాళ్ళు లేక నేను, ఇద్దరం సరిగ్గా ఒకరికొకరం దొరికాం.

మా ఇంట్లోవాళ్ళం వెళ్ళే చర్చి వేరు. అక్కడ గుడ్‌ఫ్రైడే నాడు మా పాస్టరుగారు చదివే వాక్యంలో ఏటా ఒకసారి ఈ పరదైసు వచ్చి పోయేది. మిగతా ఏడాదంతా పరలోకం అనేవారు, మోక్షరాజ్యం అనేవారు, ఆ ఒక్కరోజు మాత్రం పరదైసు. మా నాయనమ్మను అడిగితే "మంచోళ్ళు పోయే ఊరే. నీకెందుకిప్పుడు?" అంది. నాకు మాత్రం ఎందుకో కావాలి. ఒకరోజు రొట్టెపిండి పిసుకుతూ (ఆ రొట్టె పొంగడానికి రోజూ పొద్దున్నే తాటికల్లు తెచ్చేదాన్ని, దారిలో ఎదురైన ప్రతివాడూ "సిస్టరమ్మలకేనా, నీక్కూడానా?" అని నవ్వేవాడు) కళ్ళజోడు సిస్టరమ్మను అడిగాను. "సిస్టరమ్మా, పరదైసంటే ఏందండీ? తెలుగు మాట లాగా లేదు."

ఆమె కళ్ళజోడు పైకి తోసుకుంది. ఇక వంట ఆలస్యమే అనుకున్నాను.

"తెలుగు కాదు. మీ పుస్తకం తెలుగులో రాసినవాళ్ళు గ్రీకు నుంచి తెచ్చుకున్నారు. గ్రీకువాళ్ళు పరాదేయిసోస్ అంటారు. మా ఊళ్ళో పరదీస్. మదర్ వాళ్ళ ఊళ్ళో పరదీసో. ఫ్రాన్సులో పరదీ, చివర ఒక అక్షరం రాస్తారు, పలకరు. స్పెయిన్‌లో పరయీసో, మధ్యలో ద జారిపోయింది. ఇంగ్లీషులో పారడైజ్."

రాసుకోవడం వచ్చినవాళ్ళకు రాసుకునే చోటుంటుంది. నాకున్నవి వంటింటి సామాన్లే. అందుకని ఒక్కో మాటనూ ఒక్కో సామానుకు తగిలించి పెట్టుకున్నాను. పెద్దమదర్ గారి పరదీసో గుండ్రటి కాఫీ కెటిల్. సిస్టరమ్మ పరదీస్ పొడుగాటి గరిటె. ఫ్రాన్సువాళ్ళది మూత పోయిన గిన్నె. స్పెయిన్‌వాళ్ళది జల్లెడ, మధ్యలో ద రాలిపోయింది కనుక. ఇంగ్లీషువాళ్ళది ఎవరో దొరగారు ఇచ్చిపోయిన పింగాణీ కప్పు. పొద్దున్నే అంట్లు తోముతూ వరసగా అప్పగించుకుంటే ఒక్కటీ తప్పేది కాదు. (ఇది రాసేముందు అనుమానం వచ్చి మా కోడలి ఫోన్‌ను అడిగాను. అది అన్ని భాషల్లోనూ పలికి వినిపించింది. కెటిల్, గరిటె, జల్లెడ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.)

"సరేనండీ, మాట తెలిసింది. అర్థమేంది?" అన్నాను.

"ఆ, అది! గ్రీకువాళ్ళది కూడా సొంత మాట కాదు. పారశీక దేశం వెళ్ళినవాళ్ళు అక్కడి రాజుల తోటలు చూశారు. లోపల చెట్లు, పళ్ళు, జింకలు. ఆ తోట పేరే ఇంటికి తెచ్చుకున్నారు. అక్కడి పాత మాట పైరిదైజ. పైరి అంటే చుట్టూ. దైజ అంటే గోడ. అంతే. చుట్టూ గోడ."

పిండిలో నా చెయ్యి ఆగిపోయింది. "పరదైసంటే ప్రహరీనా అండీ?"

"అవును. ఇంకా విను. పైరి, మీరు పరిసరాలు అంటారే, అందులోని పరికి చుట్టం. ఇక దైజ, మట్టిని మెత్తగా పిసికి పెట్టిన గోడ. నువ్వు పిసుకుతున్నావే పిండి, దాన్ని ఇంగ్లీషులో డో అంటారు, ఆ మాటా, ఆ గోడా ఒకే తల్లి బిడ్డలు. మీ దేహం కూడా. మట్టి పిసికి చేసింది దేహం."

గోడ, రొట్టెపిండి, నా ఒళ్ళు, ముగ్గురం తోబుట్టువులమని తెలిసిన ఆ రోజు రొట్టె ఎలా కాల్చానో నాకు గుర్తులేదు. మాడిందని మాత్రం పెద్దమదర్ గారికి చాలాకాలం గుర్తుంది.

సాయంత్రం పేటకు రాగానే ఊరుకోలేక చెప్పేశాను. మా అమ్మ, నాయనమ్మ, నలుగురు ఇరుగుపొరుగు అమ్మలక్కలు అరుగు మీద ఉన్నారు. "పరదైసంటే ఏందో తెలుసా? చుట్టూ గోడ కట్టిన దొడ్డంట. రాజులు జింకల్ని పెట్టేవాళ్ళంట."

మా నాయనమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "ఏమే, మీ తాత పరదైసులో ఉన్నాడని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నా. ఇప్పుడు దొడ్లో ఉన్నాడంటావేందే?"

"జింకలతో కలిసి ఉన్నాడులే అత్తా, పోనీ" అంది మా అమ్మ.

"ఆ మనిషి మేకలకే భయపడేవాడే!" అంది నాయనమ్మ. అరుగంతా ఒకటే నవ్వు. గాజులు అమ్మడానికొచ్చిన సాయిబుగారి భార్య కూడా గంప పక్కన కూర్చుని వింటోంది. "మా పెద్దపిల్ల పేరు ఫిర్దౌస్. దానికీ తోట అనే అర్థం చెప్పారు మా మౌల్వీ సాబు" అంది. మర్నాడు సిస్టరమ్మకు చెబితే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. అదీ ఈ మాట తోబుట్టువేనట, వేరే దారిన మా పేటకు వచ్చిందట. ఐరోపా అంతా తిరిగొచ్చిన మాట కంటే ముందే, గాజుల గంప పక్కన మా అరుగు మీద కూర్చుని ఉందన్నమాట. దానికి మసాలా దంచుకునే రోలు కేటాయించాను.

ఇంతవరకూ సరదాగానే ఉంది. ఆ వేసవిలోనే అసలు గోడ వచ్చింది.

కాన్వెంటు వెనక స్థలంలో మంచినీళ్ళ బావి ఉండేది. మా పేటలో ఎక్కడ తవ్వినా చవుడు నీళ్ళే. అందుకని మా ఆడవాళ్ళు తోటలోంచి అడ్డంగా నడిచి ఆ బావికి వచ్చేవాళ్ళు. మనుషులొచ్చే దారిన గేదెలు కూడా వచ్చేవి. ఒకరోజు పెద్దమదర్ వాళ్ళ ఊరి నుంచి విత్తనం తెప్పించుకుని పెంచుకున్న టమాటాలన్నీ ఒక గేదె పూర్తిగా కానిచ్చింది. ఆవిడ భోజనాల బల్ల దగ్గర ప్రకటించారు. "స్థలము చుట్టూ గోడ కట్టింతును. నీళ్ళు కావలసినవారు రోడ్డు వైపు గేటు నుండి రావచ్చును. ఉదయ ప్రార్థన పిమ్మట గేటు తెరచెదరు."

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మిరపకోతకు పోయేవాళ్ళు తెల్లారకముందే నీళ్ళు తెచ్చి, వంట చేసి, వెలుగు రేఖ పడేసరికి చేలో ఉండాలి. ప్రార్థన అయ్యాక గేటు తీస్తే, ఊరంతా చుట్టి రోడ్డు మీదికి వచ్చి, బిందెతో మళ్ళీ అంత దూరం నడిచేసరికి మేస్త్రి వేరేవాళ్ళను పెట్టుకుంటాడు. నీళ్ళా, కూలా అన్నట్టయింది. ఆ రాత్రి అందరి కళ్ళూ నా మీదే.

"ఆళ్ళింట్లో తింటన్నావు, ఆళ్ళతో మాట్టాడతన్నావు. ఒక్క మాట చెప్పలేవంటే?" అంది మా అమ్మ.

"నా పని ఊడగొడితే?"

"ఊడగొడితే ఇద్దరం కోతకు పోదాం. నీళ్ళు లేకుండా ఎట్టా పోతాం చెప్పు."

చెప్పాలి. కానీ ఎలా? పెద్దమదర్ ఎదుట నిలబడితే నాకు ఉప్పు ఎక్కడుందో కూడా గుర్తుకు వచ్చేది కాదు. మర్నాడు వడ్డిస్తున్నాను. పెద్దమదర్, కళ్ళజోడు సిస్టరమ్మ గోడ గురించే మాట్లాడుకుంటున్నారు. పెద్దమదర్ నా వైపు తిరిగి నవ్వుతూ, "నీకు సిస్టరు చెప్పినది కదా? గోడ లేనిచో పరదీసో లేదు" అన్నారు.

నా నోటికి ఏ పుణ్యాన వచ్చిందో ఆ ప్రశ్న. ధైర్యంతో అడిగింది కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. "మదర్, ఆ రాజుగారి తోటకు చుట్టూ గోడుంటే, లోపలికి నీళ్ళెట్టా పోయేవండీ?"

పెద్దమదర్ చెంచా ఆగింది. సిస్టరమ్మ కళ్ళజోడు దానంతటదే పైకి పోయిందా అన్నంత వేగంగా తోసుకుంది. "మంచి ప్రశ్న! నీళ్ళు లేకుండా తోట ఎక్కడిది? గోడలో కాలువకు దారి వదిలే ఉంటారు. ఎక్కడో ఒక సందు ఉండాలి, మదర్. ఉండి తీరాలి."

"మా ఆడోళ్ళు వచ్చేదీ నీళ్ళకోసమేనండీ" అన్నాను. పప్పు గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. పప్పు చల్లారిపోయింది.

పెద్దమదర్ చాలాసేపు తిన్నారు. తిని, మూతి తుడుచుకుని, "మంచిది. ఒక సందు ఉండును. మనుష్యులు రావలెను. గేదెగారు రాకూడదు. ఒక్క గేదెగారు వచ్చినను, ఆ దినమే మూయింతును" అన్నారు.

గోడ కట్టింది మా బాబాయే. గోడంటే ఇటుకలూ సిమెంటూ కాదు. మా పల్నాటిలో నాపరాయికి కొదవేముంది? దాచేపల్లి వైపు నుంచి బండలు తెచ్చి, మోకాలి లోతు గుంట తీసి, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి పాతేయడమే. ఒకసారి పాతిన బండ మనవళ్ళ కాలం దాకా కదలదు. మనిషికి దారి వదలాలంటే మా వైపు ఒక పద్ధతుంది. రెండు బండల మధ్య, మనిషి పక్కకు తిరిగితే పట్టేంత, గేదె పొట్ట పట్టనంత సందు వదులుతారు. దానికి టేపూ గజంబద్దా ఉండవు. చంకన బిందెతో ఒక ఆడమనిషిని నిలబెట్టి చూసుకుంటారు. బాబాయి నన్ను పిలిచాడు. నేనప్పుడు చీపురుపుల్లలా ఉండేదాన్ని. "పక్కకు తిరుగమ్మాయ్. బిందె ఎనక్కి. ఊపిరొదులు. ఆ, సరిపోయింది" అని బండ దింపేశాడు. మా అమ్మ వచ్చి దూరి చూసింది. పక్కింటి అత్త వచ్చి దూరి చూసింది. ఒక గేదెను తోలుకొచ్చి చూపిస్తే తల దూర్చి, ఆలోచించి, వెనక్కి పోయింది. అందరికీ సంతోషం.

ఒక్క మనిషి కొలత మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

సందు తెరిచే రోజు సాయంత్రం పేటంతా బయటి వైపు బిందెలతో నిలబడింది. లోపలి వైపు సిస్టర్లంతా వచ్చారు. పెద్దమదర్ ప్రార్థన చేసి, "మొదట నేను నడిచెదను" అన్నారు. బాబాయి నా వంక చూశాడు. నేను బాబాయి వంక చూశాను. ఏమన్నా అనేలోపే ఆవిడ తెల్లటి అంగీతో, నిండు చిరునవ్వుతో, తిన్నగా ఎదురుముఖంగా సందులోకి నడిచారు.

సగం దాకా వెళ్ళారు. ఆగారు.

ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు. పేటలో ఎవరూ నవ్వలేదు. అందరూ కొంగులు నోట్లో కుక్కుకుని ఆకాశం వంక చూశారు. మా నాయనమ్మ మాత్రం, "అయ్యో, తల్లికి ఎంత తిప్పలొచ్చింది! రేయ్, ఎవడ్రా కొలిచింది?" అంది. బాబాయి తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. కళ్ళజోడు సిస్టరమ్మ వెనక నుంచి ఒకసారి తోసి చూసి, లాభం లేక, బండ మీదుగా ఇవతలికి వంగి, నాకు మాత్రమే వినపడేలా, "దేహము, గోడ... చెప్పాను కదా, దగ్గర చుట్టాలు" అంది. నేను ఏడుపూ నవ్వూ ఏది ముందు వస్తుందో తెలియక పెదవి కొరుక్కున్నాను.

బాబాయి గడ్డపార తెచ్చాడు. "ఒక బండ పీకేస్తా మదర్, నిమిషంలో పని." మా అమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "పీకితే సందు పెద్దదైద్ది. రేపు గేదె వస్తది. ఎల్లుండి మూసేస్తారు. ఆగయ్యా!" ఆ గడ్డపార ఒక్కసారి నేలలో దిగితే మా నీళ్ళదారి పోయినట్టే. అందరూ మళ్ళీ నా వంకే చూశారు. నేను పక్కింటి అత్త చేతిలోంచి ఖాళీ బిందె తీసుకుని, సందుకు బయటి వైపు, పెద్దమదర్ ముఖానికి ముఖం పెట్టి నిలబడ్డాను.

"మదర్, నన్ను చూడండి. నాలాగా చెయ్యండి. తిన్నగా రాకూడదు. చంకన బిందె ఉందనుకోండి. ఎడం భుజం ముందుకు. తల పక్కకు. ఇప్పుడు ఊపిరి మొత్తం వదిలెయ్యండి."

"మొత్తమా?" అన్నారు ఆవిడ సన్నగా.

"మొత్తం మదర్. బయటికొచ్చాక మళ్ళీ తీసుకుందురుగాని."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. లేని బిందెను చంకన ఎత్తుకున్నారు. భుజం తిప్పారు. మా పేట ఆడవాళ్ళందరూ, చెబితే నమ్మరు, ఆవిడతోపాటు ఊపిరి వదిలారు. అంగీ ఎక్కడో పర్రుమని చిరిగింది. పెద్దమదర్ మా వైపు వచ్చి పడ్డారు, సరిగ్గా మా అమ్మ మీద.

లేచి, అంగీ సర్దుకుని, ఆ సందు వంక అలా చూస్తూ ఉండిపోయారు. నా పని, మా నీళ్ళు రెండూ ఆవిడ నోట్లో ఉన్నాయి. చివరికి ఆవిడ గొడుగు పైకెత్తి, కోర్టులో తీర్పు చెప్పినట్టు చెప్పారు.

"నేనే రాలేకపోతిని. గేదెగారు నిశ్చయముగా రాలేరు. రుజువైనది. సందు ఉండును గాక."

అప్పుడు నవ్వింది పేట. అందరికంటే పెద్దగా ఆవిడే నవ్వారు. తిరుగుదారి మాత్రం సందులోంచి కాదు, ఊరు చుట్టి గేటుకు పోయారు. నేను గొడుగు పట్టుకుని వెంట నడిచాను. సగం దారిలో ఆగి, చెమట తుడుచుకుని, "బిందెతోనా? ఇంత దూరమా?" అన్నారు. నేను తల ఊపాను. తీరా పోతే గేటుకు తాళం. కాపలాదారు కూడా వేడుక చూడటానికి సందు దగ్గరికే పోయాడు.

పెద్దమదర్, సిస్టరమ్మ ఇప్పుడు లేరు. ఆ మాట అర్థం చెప్పినావిడా, ఆ గోడ కట్టించినావిడా ఇప్పుడు ఆ పరదైసులోనే ఉండి ఉంటారు, దానికి ఎక్కడో ఒక సందు ఉందో లేదో సిస్టరమ్మ ఈపాటికి కనుక్కునే ఉంటుంది. మొన్న అటు పోతే, బావికి మోటారు పెట్టారు, పేటలోకి కుళాయిలొచ్చాయి. సందు మాత్రం అలాగే ఉంది. ఎన్నేళ్ళుగానో చీరలు రాసుకుని రాసుకుని రెండు బండల అంచులూ నున్నగా మెరుస్తున్నాయి. చుట్టూ ఎవరూ లేరు కదా అని ఎడం భుజం ముందుకు పెట్టి, తల పక్కకు తిప్పి, ఊపిరంతా వదిలి చూశాను. సగం దాకా పోయాను. ఆగాను. నా కొలతకు వదిలిన సందు! చీపురుపుల్లలాంటి ఆ పిల్ల అవతలి వైపు బిందెతో నిలబడి నన్ను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది. నాకూ నవ్వొచ్చింది. ఎలాగో వెనక్కి వచ్చి రోడ్డు దారినే పోయాను.

ఇంతకీ ఆనాడు సందు తెరిచిన మర్నాడు పొద్దున సంగతి చెప్పలేదు. చీకటి ఉండగానే మా అమ్మా వాళ్ళూ బిందెలతో ఆ సందులోంచి వచ్చి పోతున్న చప్పుడు వింటూ, నేను వంటింట్లో రొట్టెపిండి పిసికాను. ఎప్పటిలా ముద్ద చెయ్యబుద్ధి కాలేదు. పొడుగ్గా సాగదీసి, గుండ్రంగా గోడలా చుట్టి, ఒకపక్క వేలెడు సందు వదిలి పొయ్యిలో పెట్టాను. తీసి చూద్దును కదా, కల్లు బాగా పనిచేసి పిండి పొంగి, సందు మూసుకుపోయింది. సిగ్గుపడుతూనే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. పెద్దమదర్ ఆ రొట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు. వేలితో తడిమి, అతుకు ఎక్కడుందో కనిపెట్టారు. కత్తి అడిగారు. తెచ్చి ఇచ్చాను. మొదటి కోత సరిగ్గా అక్కడే కోశారు, ఆ ముక్క నా చేతిలో పెట్టారు.